తలుపు ముందే చచ్చి చూసి

తెర మీద కథానాయిక మళ్ళీ చచ్చిపోయింది. ఎన్నోసారో ఎవరూ లెక్కపెట్టడం లేదు. మెట్ల నిండా పొగ కమ్ముకుంది, పైకప్పు విరిగి మీద పడింది, తెరంతా ఎర్రబడింది. మరుక్షణం ఆవిడే ఫైర్ ఇంజను పక్కన నలగని యూనిఫాంలో, హెల్మెట్ సర్దుకుంటూ నిలబడి ఉంది.

"ఇదిగో, ఇక్కడే," అన్నాడు యజమాని బల్ల మీద వేలితో కొడుతూ. "ఇక్కడే ఆడేవాడికి ఒళ్ళు మండుతోంది. మొన్న ఆడి చూసినవాళ్ళందరిదీ ఒకటే మాట. మంట నిజంలా ఉంది, పొగ నిజంలా ఉంది, ఈవిడ మాత్రం చచ్చి లేచొచ్చి తాపీగా నిలబడుతోంది. ఎలా వచ్చింది? ఎవరు తీసుకొచ్చారు? కథక్కా, దీనికి జవాబు నువ్వే చెప్పాలి."

కథక్క ఆ ఆఫీసులో వీడియో గేములకు కథలు రాసే మనిషి. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, జీతం వేసే రోజున తప్ప అది ఎవరికీ గుర్తు రాదు.

"మిగతా గేముల్లో అందరూ ఏదో ఒకటి చెప్తున్నారుగా," అన్నాడు కోడ్ బాబాయ్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ. గేము నడిచే ప్రోగ్రామంతా రాసేది ఆయనే. అందరికంటే వయసులో పెద్దవాడు కాబట్టి అందరికీ బాబాయే. "శాపం అంటారు, మందు అంటారు, ఫ్యాక్టరీలో కొత్త ఒళ్ళు తయారైంది అంటారు. కొందరైతే ఏమీ చెప్పరు, ఆడేవాడే సర్దుకుపోతాడు."

"వాళ్ళ గేముల్లో మాంత్రికులుంటారు బాబాయ్. మనది మామూలు ఊరు. జీతానికి పనిచేసే మనిషి. ఈవిడకు శాపం ఎవరు పెడతారు?"

"మా ఆవిడని పంపిస్తా," అన్నాడు బాబాయ్. బొమ్మలు గీసే అమ్మాయి కిసుక్కున నవ్వింది. యజమాని నవ్వలేదు.

"వచ్చే వారం ప్రదర్శన. మన గేము నిలబడుతుందో మూలపడుతుందో అక్కడే తేలిపోతుంది. ఈ లోపు ఆవిడ ఎందుకు బతికొస్తోందో నాకు తెలియాలి. లేదంటే ఒక్కసారి చస్తే ఆట ముగిసినట్టే అని పెట్టేద్దాం."

"అలా పెడితే ఎవరూ రెండో అంతస్తు దాటరు," అన్నాడు బాబాయ్.

"అందుకే చెప్తున్నా," అని యజమాని లేచి వెళ్ళిపోయాడు.

*

ఆ సాయంత్రం కథక్క ఇంటికి చేరేసరికి చెల్లెలు డ్యూటీ దిగి వచ్చి సోఫా నిండా కాళ్ళు చాపుకుని పడుకుని ఉంది. ఇంట్లో దాన్ని చిట్టి అంటారు. పేరుకే చిట్టి, గుమ్మం దాటాలంటే తల వంచాలి. చదువు అయిన వెంటనే ఫైర్ స్టేషన్‌లో చేరింది. గేములో కథానాయిక నడక, హెల్మెట్ పట్టీ బిగించుకునే తీరు, విసుగొస్తే ముక్కు చీదే అలవాటు, అన్నీ చిట్టిని చూసి దించినవే.

"ఏమంటే నమ్ముతావో నువ్వే చెప్పవే," అంటూ కథక్క పక్కన కూలబడింది. "చచ్చిపోగానే కాలం వెనక్కి తిరుగుతుందనుకో."

"కాలం తిరిగేట్టయితే నేను మంటల్లోకెందుకు వెళ్తాను? ఇంకో గంట వెనక్కి వెళ్ళి ఆ ఇంట్లో స్టవ్ కట్టేసి వస్తాను."

"సరే. అదంతా కల."

"కలయితే ఇంక భయమేముంది? హాయిగా చావొచ్చు."

"పోనీ ఇది విను. చచ్చిన మనిషి తిరిగి రాదు. ఆ స్థానంలో ఇంకొకరు వస్తారు. అదే యూనిఫాం, అదే హెల్మెట్, మొహం మాత్రం వేరు. ప్రతిసారీ కొత్త మనిషే."

చిట్టి ఈసారి ఎగతాళి చేయలేదు. కాళ్ళు ముడుచుకుని లేచి కూర్చుంది.

"అది నిజంగా జరిగేదే అక్కా. అందుకే వద్దు. మా స్టేషన్ గోడ మీద ఫొటోలున్నాయి. వాళ్ళ తర్వాత చేరినవాళ్ళలో నేనూ ఒకదాన్ని."

వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. "ఈ ఇంట్లో చావుల గోల తప్ప ఇంకో మాటే లేదా? ఒకత్తి చంపడానికి జీతం తీసుకుంటుంది. ఇంకొకత్తి చావడానికి."

"చావకుండా ఉండడానికే అమ్మా నాకు జీతం ఇచ్చేది," అని అరిచింది చిట్టి. తర్వాత అక్క వైపు తిరిగి గొంతు తగ్గించింది. "రేపు పొద్దున కొత్తవాళ్ళకి పొగ గదిలో శిక్షణ ఉంది. మా ఆఫీసరమ్మని అడిగి నిన్ను కూడా లోపలికి తీసుకెళ్తా. ఊరికే కుర్చీలో కూర్చుని ఎన్నని రాస్తావు?"

*

పొగ గది అంటే స్టేషన్ వెనక కట్టిన రెండంతస్తుల ఇటుక డబ్బా. కిటికీలు లేవు. లోపల గదులు, మెట్లు, పాత మంచాలు, విరిగిన కుర్చీలు ఉన్నాయి. యంత్రంతో దాని నిండా పొగ వదులుతారు. ఆ పొగ హాని చేయదని ముందే చెప్పారు. చెప్పినా లాభం లేకపోయింది. మాస్కు తగిలించుకుని నాలుగడుగులు వేసేసరికి కథక్కకు తన చేతులే కనిపించలేదు. తన ఊపిరి చప్పుడే చెవుల్లో హోరుమంది. బయటికి దారి ఎటో తెలియలేదు.

"అక్కా, నా బెల్టు పట్టుకో. వదలకు," అన్న మాట ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు వినిపించింది.

ఇద్దరూ మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళారు. ఒకచోట చిట్టి ఆగిపోయింది. కథక్క వెళ్ళి ఆమె వీపుకు గుద్దుకుంది. ముందు మూసి ఉన్న తలుపొకటి ఉంది. చిట్టి గ్లవ్ తీసి మణికట్టు వెనక భాగాన్ని తలుపుకి ఆనించింది. అలాగే ఉండిపోయింది. కదలదు, పలకదు.

"ఏమైందే?"

కథక్కకు మాస్కులోంచి వచ్చే గాలి చాలడం లేదనిపించింది. ఇక అరుద్దామనుకుంటుండగా చిట్టి కదిలి, తలుపు తోసి, కుడివైపు గోడ వదిలేసి ఎడమవైపు గోడ పట్టుకుని లోపలికి పాకింది.

బయటికి వచ్చి మాస్కు తీసేశాక కథక్క నేల మీదే చతికిలబడింది. చిట్టి నీళ్ళ సీసా అందించింది.

"ఆ తలుపు దగ్గర అంతసేపు ఏం చేశావే?"

"చచ్చి చూశా."

"ఏంటీ?"

"మాకు మొదట్లో ఒక ముసలాయన నేర్పాడు. తలుపు తెరిచే ముందు మనసులోనే తెరిచి లోపలికి వెళ్ళాలి. కుడివైపు వెళ్ళా, నేల కూలింది, చచ్చా. మళ్ళీ తలుపు దగ్గరే ఉన్నా. మధ్యలోంచి వెళ్ళా, పైనుంచి మంట దిగింది, చచ్చా. మళ్ళీ తలుపు దగ్గరే. ఎడమవైపు వెళితే చావలేదు. అప్పుడు నిజంగా వెళ్ళా. చావాల్సినవన్నీ ఇవతలే చచ్చేస్తే, అవతల చావడానికి ఏమీ మిగలకూడదు." చిట్టి ముక్కు చీదింది. "అన్నిసార్లూ కుదరదనుకో."

కథక్క ఒక్క ఉదుటున లేచి చెల్లెల్ని వాటేసుకుంది. కొత్తగా చేరిన కుర్రవాళ్ళు వింతగా చూశారు.

"వదులు, చెమట కంపు," అంది చిట్టి.

*

రెండు రోజుల్లో గేము కొత్త రూపం ఎత్తింది. ఇప్పుడు కథానాయిక చచ్చిపోతే ఇంజను దగ్గర లేవదు. తెర ఎర్రబడగానే మళ్ళీ తలుపు, తలుపు మీద ఆమె చెయ్యి. ఆమె ఇంకా లోపల అడుగే పెట్టలేదు. ఆడేవాడు అంతసేపూ ఆడింది ఆమె తలలో జరిగిన ఊహ. చావకుండా చివరిదాకా వెళ్ళిన ఆ ఒక్కసారే నిజం.

యజమాని ఆడి చూశాడు. "ఇది నిలబడుతుంది," అన్నాడు చివరికి. "కానీ ఆ గొంతు కావాలి. తలుపు దగ్గర ఆమె తనలో తను అనుకునే మాటలు. మీ చెల్లెల్నే రమ్మను. వేషాలు వేసేవాళ్ళు వద్దు."

అలా ఒక సెలవు రోజు పొద్దున చిట్టి ఆ ఆఫీసుకు వచ్చింది. పాత వాణిజ్య భవనంలో మూడో అంతస్తు. కింది అంతస్తులో సెల్‌ఫోన్ బ్యాటరీలు బాగుచేసే దుకాణం, దానికి ఆనుకుని గోదాము. ఆఫీసు తలుపు తీస్తే పొడుగాటి వసారా. కుడివైపు అద్దం తలుపు, దాని అవతల మెట్లు, ఎడమవైపు చివర బాత్రూము.

చిట్టి మైకు ముందు కూర్చుని, "కుడివైపు వద్దు... మళ్ళీ... ఈసారి నేల పట్టుకుని..." అని చెప్తుంటే బాబాయ్ రికార్డు చేస్తున్నాడు. బొమ్మలమ్మాయి కాసేపు విని, "నాకు ఒళ్ళు జలదరిస్తోందక్కా, మొహం కడుక్కుని వస్తా," అని బయటికి వెళ్ళింది.

కాసేపటికి చిట్టి మాట మధ్యలో ఆపేసింది. తల పైకెత్తి గాలి పీల్చింది.

"ఏమైంది? బాగానే వస్తోందిగా," అన్నాడు బాబాయ్.

"వాసన."

ఎవరికీ ఏ వాసనా తెలియలేదు. చిట్టి హెడ్‌ఫోన్లు తీసి పడేసి తలుపు దగ్గరికి నడిచింది. అప్పుడు కింద నుంచి టపటపమని, వరసగా టపాకాయలు పేలినట్టు చప్పుడు. నేల అదిరింది. తలుపు కింది సందులోంచి నల్లటి దారంలా పొగ లోపలికి పాకింది.

యజమాని కుర్చీ తోసేసి పరుగున వచ్చాడు. "పదండి, పదండి! రెండంతస్తులే, ఒక్క ఊపులో దిగిపోవచ్చు!"

ఆయన చెయ్యి తలుపు గొళ్ళెం మీద పడేలోపే చిట్టి ఆయన మణికట్టు పట్టుకుంది. "మెట్లు లేవు సర్."

"లేకపోవడమేంటి, ఇప్పుడేగా నేను ఎక్కొచ్చాను!"

"మంట మెట్ల కిందే ఉంది. ఆ మెట్లదారి ఇప్పుడు పొగగొట్టం. దిగితే సగంలోనే పడిపోతారు. కూర్చోండి. బాబాయ్ గారూ, కిటికీలు తెరవండి. అక్కా, ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చెయ్. మూడో అంతస్తు అని చెప్పు, బ్యాటరీలు అని చెప్పు."

కథక్క ఫోన్ చేసింది. మాట తడబడలేదు. ఫోన్ పెట్టేశాక చుట్టూ చూసింది. గదిలో నలుగురే ఉన్నారు.

"బొమ్మలమ్మాయి," అంది.

వెంటనే ఆమె నంబరుకు కొట్టింది. ఫోన్ అదే గదిలో, రంగుల పెన్నుల మధ్య, బొమ్మలమ్మాయి బల్ల మీద మోగింది.

"బాత్రూములో ఉంటే అక్కడే ఉండడం మంచిది," అంది చిట్టి. "అక్కడ కిటికీ ఉంది, నీళ్ళున్నాయి. తలుపు మూసుకుంటే చాలు."

ఆ మాట పూర్తి కాకముందే వసారాలోంచి దగ్గు వినిపించింది. "కథక్కా!" అని ఒక్క కేక. తర్వాత ఏదో మెత్తగా నేల మీద పడిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

చిట్టి తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని మణికట్టు వెనక భాగం చెక్కకు ఆనించింది. కళ్ళు మూసుకుంది.

"ఏం చేస్తోంది?" అన్నాడు యజమాని. "తెరవమ్మా! ఆ పిల్ల అక్కడ..."

"మాట్లాడకండి," అంది కథక్క.

ఆమెకు తెలుసు. చెల్లెలు ఇప్పుడు ఈ గదిలో లేదు. వసారాలో పాకుతోంది, చస్తోంది, తిరిగొస్తోంది. తెర మీద ఎన్నో వందలసార్లు చూసిన దృశ్యమే అది. ఆఫీసు కుర్చీలో కూర్చుని తను రాసిన ఊహే. ఇప్పుడు దాన్ని బయటి నుంచి చూస్తోంది. చిట్టి మొహంలో ఏమీ కనిపించడం లేదు. కనురెప్పలు మాత్రం రెండుసార్లు గట్టిగా బిగుసుకున్నాయి.

కళ్ళు తెరిచి చిట్టి అక్కనే చూసింది. మిగతా ఇద్దరి వంకా చూడలేదు.

"తలుపు ఇంకా వేడెక్కలేదు. పొగ పైన ఉంది, నేల దగ్గర మూరెడు గాలి ఉంది. ఎడమ గోడ పట్టుకుని వెళ్తా. వెనక్కి రావడానికి నాకు నీ గొంతు కావాలి. తలుపు జానెడు తెరిచిపెట్టి పలుకుతూనే ఉండు. విను, ఇది ముఖ్యం. నేను మూసెయ్ అంటే మూసెయ్యాలి. నేను బయట ఉన్నా సరే. మళ్ళీ తెరవకూడదు. నేనే వచ్చి కొట్టినా తెరవకు, పొగలో నాకు మతి ఉండకపోవచ్చు."

"నువ్వెళ్ళొద్దు. మీవాళ్ళు వస్తున్నారుగా!"

"వాళ్ళు వచ్చేదాకా ఆ పిల్లకు గాలి ఉండదక్కా."

"మాస్కు లేదు, ఏమీ లేదు..."

"లేదు," అంది చిట్టి. "ఈ తలుపు నీ చేతిలోనే ఉండాలి. ఇంకెవరికీ ఇవ్వకు."

గట్టిగా ఊపిరి పీల్చి, తలుపు ఓరగా తీసి, పాములా నేలకు అతుక్కుని వసారాలోకి జారిపోయింది. పొడుగాటి కాళ్ళు ఒక క్షణం కనిపించాయి. తర్వాత అవీ లేవు.

కథక్క నేల మీద బోర్లా పడుకుని సందులో మొహం పెట్టింది. కళ్ళు భగ్గుమన్నాయి. "చిట్టీ," అంది. "చిట్టీ, ఇటు. ఇటే. నేనిక్కడే ఉన్నా." ఇన్నేళ్ళుగా మాటలు అల్లి బతికిన మనిషికి ఒక్క వాక్యం దొరకలేదు. చిన్నప్పటి నుంచి దాన్ని పిలిచిన పేర్లన్నీ పిలిచింది. పొడుగుదానా, తాటిచెట్టూ, దొంగమొహమా, బంగారూ. దగ్గొచ్చినప్పుడు తలుపు మీద చేత్తో కొట్టింది. మళ్ళీ పిలిచింది.

దూరంగా ఏదో ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. దొరికింది, అనుకుంది కథక్క. ఆ చప్పుడు దగ్గరికి వస్తోందా, దూరం జరుగుతోందా, తెలియలేదు.

అప్పుడు మెట్ల వైపు పెద్ద అద్దం పగిలినట్టు భళ్ళుమంది. వేడి గాలి మొహాన చరిచింది. పైనున్న పొగ ఒక్కసారిగా నేల దాకా దిగింది.

"మూసెయ్!" వసారా చివర నుంచి చిట్టి గొంతు. "అక్కా, మూసెయ్!"

కథక్క కదలలేదు. పొగ ఆమె మీదుగా గదిలోకి దొర్లుతోంది. వెనక బాబాయ్ కిటికీలోంచి తల బయటికి పెట్టి కక్కుకుంటున్నట్టు దగ్గుతున్నాడు. యజమాని పక్కకు వచ్చి నిలబడ్డాడు. తలుపు మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకున్నాడు. మూయమని గానీ వద్దని గానీ ఆయన అనలేదు. ఒక్క అడుగు. చిట్టి ఇంకొక్క అడుగు దూరంలోనే ఉంటే? ఇంకొక్కసారి పిలిస్తే?

"అక్కా!" ఈసారి ఆ గొంతులో కోపం. చిన్నప్పుడు ఆటలో మోసం చేస్తే అరిచేదే, అచ్చం ఆ కోపం.

కథక్క తలుపు మూసేసింది. గొళ్ళెం పడిన చప్పుడు ఆమెకు ఎముకల్లో వినిపించింది. యజమాని తన ఖరీదైన కోటు విప్పి, మంచినీళ్ళ డబ్బాలో ముంచి, తలుపు కింది సందులో కుక్కాడు. "అమ్మా, లే, కిటికీ దగ్గరికి రా," అన్నాడు. ఆఫీసులో ఎవరినీ ఆయన అలా పిలిచి ఎరుగడు.

కిందికి చూస్తే ఇంజను మలుపు తిరుగుతోంది.

నిచ్చెన కిటికీకి ఆనించి మొదట ఎక్కి వచ్చింది చిట్టి వాళ్ళ ఆఫీసరమ్మే. కథక్కను చూసి గుర్తుపట్టింది. "లోపల ఇంకెవరున్నారు?"

"మా చెల్లెలు. ఇంకో అమ్మాయి."

ఆఫీసరమ్మ మొహం ఒక్క క్షణం మారి, మళ్ళీ మామూలైంది. "ఎక్కడ?"

"వసారా చివర, ఎడమవైపు. బాత్రూము ఉంది."

"ఈ తలుపు ఎవరు మూశారు?"

"నేనే," అంది కథక్క. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది.

"మంచిది," అని ఆవిడ వైర్‌లెస్‌లోకి అరిచింది. "వెనక వైపు, మూడో అంతస్తు, బాత్రూము కిటికీ. ఇద్దరు. ఒకరు మన మనిషి."

*

కింద రోడ్డు మీద ఎవరో కథక్క భుజాల చుట్టూ దుప్పటి కప్పారు. ఆమె భవనం వెనక్కి వెళ్ళబోతే పోలీసు ఆపాడు. ఎంతసేపు నిలబడిందో తెలియదు. పక్కన బాబాయ్ ఏదో గొణుగుతున్నాడు, అది ప్రార్థనో తిట్టో అర్థం కాలేదు. చివరికి మూల మలుపులోంచి రెండు స్ట్రెచర్లు వచ్చాయి. మొదటి దాని మీద బొమ్మలమ్మాయి, మొహం మసిబారి, మాస్కులో, కదలకుండా. రెండో దాని మీద కాళ్ళు బయటికి వేలాడుతున్నాయి. ఆ స్ట్రెచర్ మీద పట్టనంత పొడుగు ఊరు మొత్తానికి ఒక్కరిదే.

కాళ్ళు కదిలాయి. కథక్క అక్కడే రోడ్డు మీద కూర్చుండిపోయింది.

తర్వాత తెలిసింది జరిగినదంతా. బొమ్మలమ్మాయి వసారాలో సగం దూరం దాటి పడిపోయి ఉంది. చిట్టి ఆమెను ఇటు ఈడుస్తుండగానే మెట్ల తలుపు అద్దం చిట్లుతున్న చప్పుడు వినిపించింది. ఇక ఆఫీసుకి రాలేమని తెలిసి, వెనక్కి తిరిగి బాత్రూములోకి లాగి తలుపు మూసేసింది. కుళాయిలన్నీ తిప్పేసి, కిటికీ అద్దాన్ని మోచేత్తో పగలగొట్టి, ఆ పిల్ల తల బయటికి పెట్టి పట్టుకుంది. కుడి చెయ్యి మోచేతి దాకా తెగింది, కాలింది.

ఆసుపత్రిలో అమ్మ ముందు ఏడ్చింది, తర్వాత తిట్టింది, తర్వాత నర్సులందరితో స్నేహం చేసుకుంది. కథక్క మాత్రం మూడు రోజులు చెల్లెలి మంచం దాకా వచ్చి, పళ్ళ సంచి పెట్టి, ఏదో పని ఉందని వెళ్ళిపోయింది. బొమ్మలమ్మాయికి మెలకువ వచ్చిందన్న కబురు కూడా గుమ్మంలోంచే చెప్పింది.

నాలుగో రోజు చిట్టి ఊరుకోలేదు. "అక్కా, కూర్చో. సూపు తాగించు. నా చెయ్యి పనిచేయదు."

"నీ ఎడమ చెయ్యి పనిచేస్తుందిగా."

"ఎడమ చేత్తో తాగితే దుప్పటి తాగుతుంది. కూర్చోమన్నానా!"

కథక్క కూర్చుని గిన్నె అందుకుంది. రెండు చెంచాలు తాగించాక ఆగిపోయింది.

"నువ్వు ఆ తలుపు దగ్గర కళ్ళు మూసుకున్నప్పుడు... నన్ను కూడా చూశావా? నేనేం చేస్తానో?"

"చూశా."

"ఏం చేశాను?"

"ఒకసారి మూయలేదు. నన్ను పిలుస్తూనే ఉన్నావు. పొగంతా గదిలోకి వచ్చేసింది. అందరం పోయాం."

"రెండోసారి?"

"రెండోసారీ మూయలేదు."

కథక్క గిన్నె బల్ల మీద పెట్టేసింది. "మరి ఎందుకెళ్ళావే? రెండుసార్లూ నేను మూయకపోతే, అందరూ పోతే, ఏ ధైర్యంతో వెళ్ళావు?"

"ఏమో. అక్కడ ఆ పిల్ల పడి ఉంది," అంది చిట్టి. "ఇక నీ సంగతంటావా, కళ్ళు తెరిచి నీ మొహం చూశా. ఈసారి మూస్తావనిపించింది."

కథక్క చాలాసేపు ఏడ్చింది. చిట్టి ఓపిక పట్టి, ఇక లాభం లేదని ఎడమ చేత్తో గిన్నె అందుకుని తాగబోతే దుప్పటి నిజంగానే తడిసింది. దానికి నర్సు వచ్చి ఇద్దరినీ కలిపి తిట్టింది.

*

వాళ్ళెవరూ లేకుండానే ప్రదర్శన జరిగిపోయింది. తలుపు మూసి ఉండడంతో ఆఫీసులో కంప్యూటర్లు మాత్రం మిగిలాయి. యజమాని ఊరి చివర మేడ లేని ఇల్లొకటి ఆఫీసుకు తీసుకున్నాడు, దానికి నాలుగు తలుపులు. బొమ్మలమ్మాయి నెల తర్వాత వచ్చింది. గొంతు బొంగురుపోయింది, గట్టిగా నవ్వితే దగ్గు వస్తోంది. వచ్చిన రోజే గేము తెరిచి, తను గీసిన పొగ చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇదంతా అబద్ధం. దీంట్లో మెట్లు కనిపిస్తున్నాయి, చేతులు కనిపిస్తున్నాయి. అక్కడ ఏమీ కనిపించదు. ఆడేవాడికీ కనిపించకూడదు."

"తెర నల్లగా పెడితే ఎవడమ్మా ఆడేది?" అన్నాడు బాబాయ్.

"కనిపించదు. వినిపిస్తుంది," అంది ఆ అమ్మాయి. "నాకు పడిపోయాక కూడా కథక్క తిట్లు వినిపించాయి. తాటిచెట్టు అని."

చిట్టి గొంతు అప్పటికే రికార్డయి ఉంది. దాని పక్కన కథక్క గొంతు చేరింది. కథ కూడా కొంత మారింది. కథానాయిక ఒంటరిగా వెళ్ళదు. వెనక తలుపు పట్టుకుని ఒక మనిషి ఉంటుంది. మూయమని చెప్పాలా, వద్దా, ఎప్పుడు చెప్పాలి అన్నది ఆడేవాడి చేతిలో ఉంటుంది. మూశాక ఆ తలుపు ఇక తెరుచుకోదు, ఇంకో దారి వెతుక్కోవాలి. యజమాని పెదవి విరిచాడు, ఇది ఆడేవాళ్ళకు కష్టమన్నాడు, అయినా వద్దనలేదు. గేము బయటికి వచ్చాక కొందరు మెచ్చుకున్నారు. చాలామంది చీకట్లో ఏమీ కనబడి చావడం లేదని తిట్టిపోశారు. కంపెనీ మూతపడలేదు.

చిట్టి చేతి కట్టు విప్పినా వేళ్ళు పూర్తిగా ముడుచుకోవడానికి చాలా కాలం పట్టింది. డాక్టరు సరేనన్నాక మళ్ళీ డ్యూటీకి బయలుదేరింది. ఆ పొద్దున అమ్మ గది తలుపేసుకుని బయటికి రాలేదు. కథక్కే బండి మీద స్టేషన్ దాకా దింపింది. గేటు దగ్గర బండి దిగి చిట్టి సంచీ భుజానికి తగిలించుకుంది.

"సాయంత్రం వస్తావా తీసుకెళ్ళడానికి?"

"వస్తా."

"నాకు కాస్త ఆలస్యమైతే?"

"ఇక్కడే ఉంటా," అంది కథక్క. చిట్టి లోపలికి వెళ్ళి, ఎవరో పిలిస్తే గట్టిగా నవ్వడం వినిపించింది. కథక్క బండి స్టార్టు చేసి ఆఫీసు దారి పట్టింది.